సముద్రంలో ప్రాణాలు కాపాడే సేవకు డబ్బు ఎవరు పెట్టాలి, ఎలా పెట్టాలి?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే సేవకు పిలుపులు అంతంత మాత్రంగా వస్తున్నప్పుడు ప్రభుత్వం ఏటా అంత డబ్బు ఎందుకు పెట్టాలన్నది ఒకటి. బ్రిటన్‌లో లైఫ్‌బోట్లు విరాళాల మీదే నడుస్తున్నాయి కదా, మిగతా దేశాలూ అలా ఎందుకు చేయకూడదన్నది రెండోది. పోనీ కాపాడినవాళ్ల దగ్గరే ఖర్చు రాబట్టుకుంటే సరిపోదా అన్నది మూడోది.

నేను చాలా ఏళ్లు సరుకు ఓడల్లో డెక్ ఆఫీసరుగా చేశాను. తర్వాత ఒడ్డుకు వచ్చి ఒక రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్‌లో డ్యూటీ ఆఫీసరుగా పనిచేశాను. చివరి కొన్నేళ్లు అదే సేవకు బడ్జెట్ ప్రతిపాదనలు తయారుచేసే పని కూడా నా మీద పడింది. అందుకని సాయం పంపే గదిలో కూర్చున్న అనుభవం, డబ్బు కోసం ఫైలు పట్టుకుని తిరిగిన అనుభవం రెండూ ఉన్నాయి. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మూడో ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ప్రాణం కాపాడినందుకు ఆ మనిషి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఓడను, సరుకును కాపాడితే యజమాని దగ్గర సొమ్ము తీసుకోవచ్చు, సాల్వేజ్ కంపెనీలు బతికేదే దాని మీద. మనుషుల విషయంలో మాత్రం ప్రాణాలు దక్కినవారు ప్రతిఫలం చెల్లించనక్కర్లేదని 1989 నాటి అంతర్జాతీయ సాల్వేజ్ ఒప్పందం నియమం పెట్టింది. దయాగుణం సంగతి పక్కన పెట్టి ఒట్టి లెక్క ప్రకారం చూసినా ఇదే సరైనది. బిల్లు వస్తుందన్న భయం ఉంటే చిన్న పడవవాడు ఇంజిన్ ఆగిపోగానే పిలవడు. ఇంకో గంట చూద్దాం, మనమే బాగుచేసుకుందాం అనుకుంటాడు. ఆ గంటలో చీకటి పడుతుంది, గాలి పెరుగుతుంది. పగలు ఒక బోటు వెళ్లి తాడు కట్టి లాక్కొచ్చే పని, రాత్రయ్యేసరికి హెలికాప్టరూ రెండు బోట్లూ ఒక విమానమూ కావలసిన పని అవుతుంది. ఇదంతా ఊహించి చెప్పడం లేదు. డ్యూటీలో ఉండగా 'ముందే ఎందుకు పిలవలేదు?' అని అడిగితే 'మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని' అన్నవాళ్లు నాకు లెక్కలేనంత మంది తగిలారు. డబ్బు కట్టక్కర్లేని చోటే అలా అంటే, కట్టాల్సి వస్తే ఏమంటారో మీరే ఆలోచించండి.

సాహసాల కోసం వెళ్లి చిక్కుకున్నవాళ్ల సంగతేమిటని తప్పకుండా అడుగుతారు. 1997 జనవరిలో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పడవ పందెంలో టోనీ బులిమోర్ అనే బ్రిటిష్ నావికుడి పడవ అంటార్కిటికా వైపు దక్షిణ సముద్రంలో తలకిందులైంది. బోర్లాపడిన పడవ కడుపులో, గడ్డకట్టే చలిలో, చిమ్మచీకట్లో దాదాపు నాలుగు రోజులు ఉన్నాడు. ఆస్ట్రేలియా వైమానిక దళం విమానాలు పడవను కనిపెట్టాయి, అడిలైడ్ అనే యుద్ధనౌక అంత దూరం వెళ్లి అతన్నీ, అదే పందెంలో చిక్కుకున్న థియరీ డుబ్వా అనే ఫ్రెంచి నావికుణ్నీ తీసుకొచ్చింది. 2010లో ఆబీ సండర్లాండ్ అనే పదహారేళ్ల అమెరికన్ అమ్మాయి హిందూ మహాసముద్రం నడుమ తెరచాప స్తంభం విరిగి ఆగిపోతే, ఆస్ట్రేలియా అధికారులు క్వాంటాస్ ప్రయాణికుల విమానాన్నే అద్దెకు తీసుకుని వెతికించారు. చివరికి ఒక ఫ్రెంచి చేపల ఓడ ఆమెను ఎక్కించుకుంది. మా పన్నుల డబ్బు వీళ్ల సరదాలకా అని రెండుసార్లూ గొడవ జరిగింది. రెండుసార్లూ ఆస్ట్రేలియా బిల్లు వేయలేదు. వేయకపోవడమే మంచిదైందని నా నమ్మకం. ఆ నౌక, ఆ విమానాలు, వాటి సిబ్బంది జీతాలు ఎవరు మునిగినా మునగకపోయినా ఉండే ఖర్చే. కావాలని తప్పుడు మేడే, అంటే రేడియోలో ఇచ్చే ఆపద పిలుపు, పంపినవాళ్ల సంగతి వేరు. అమెరికాలో అది నేరం, కోస్ట్‌గార్డ్‌కు అయిన ఖర్చు కూడా వాళ్లే కట్టాలి. అక్కడ నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఇక మొదటి ప్రశ్న. ఆర్థిక శాఖ వాళ్లు నన్ను ఎప్పుడూ అడిగేది ఇదే. ఏడాది ఖర్చును కాపాడిన ప్రాణాల సంఖ్యతో భాగించి, ఒక్కో మనిషికి ఇంత పడింది, ఎక్కువ కాదా అనేవారు. ఆ భాగహారమే తప్పు. ఈ డబ్బుతో ప్రభుత్వం కొనేది సిద్ధంగా ఉండడాన్ని. పిలుపు వచ్చాక సిద్ధం కావడమంటే ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడమే.

ఒక్క కుర్చీ లెక్క చెప్తాను. సెంటర్‌లో రేడియో ముందు ఒక మనిషి పగలూ రాత్రీ ఉండాలి. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 40 గంటలు పనిచేస్తే నలుగురికి పైనే కావాలి. సెలవులు, జబ్బులు, ట్రైనింగ్ కలుపుకుంటే ఐదుగురికి తగ్గదు. రేడియో వినే మనిషే చార్టు మీద వెతికే ప్రాంతం గీయలేడు, కాబట్టి రెండు కుర్చీలు తప్పవు. అంటే పది పన్నెండు మంది జీతాలు, ఇంకా ఒక్క బోటు కూడా కొనకముందే. హెలికాప్టర్ సంగతి ఇంకా ఖరీదు. ఇద్దరు పైలట్లు, తాడును దించి ఎత్తే వించ్ నడిపేవాడు, తాడు మీద కిందికి దిగేవాడు కలిసి నలుగురు. వాళ్లకు షిఫ్టులు. ఒకటి ఎగరడానికి సిద్ధంగా ఉండాలంటే ఇంకొకటి రిపేర్లకు విప్పి ఉంటుంది, కాబట్టి ఒక్క హెలికాప్టర్‌తో ఒక్క హెలికాప్టర్ సేవ నడవదు. పైగా అలలు ఎగిసిపడే రాత్రి తాడు దించడం అనేది ప్రాక్టీస్ మానేస్తే చేతిలోంచి పోయే విద్య. ఆ ప్రాక్టీస్ గంటలకు అయ్యే ఇంధనం చూసి, ఎవర్నీ కాపాడకుండా ఇన్ని గంటలు ఎగిరారేమిటని అడిగిన ఆడిటర్లను చూశాను.

ఆలస్యమైతే ఖర్చు ఎలా పెరుగుతుందో చూడండి. నీళ్లలో పడ్డ మనిషి గంటకు ఒక నాటికల్ మైలు చొప్పున కొట్టుకుపోతున్నాడనుకుందాం, ఎటు వైపో మనకు తెలియదు. గంట తర్వాత వెతకాల్సిన వృత్తం మూడు చదరపు మైళ్లకు కొంచెం పైన. ఆరు గంటల తర్వాత అది 113 చదరపు మైళ్లు. ఆలస్యం ఆరు రెట్లు, వెతకాల్సిన సముద్రం ముప్పయ్యారు రెట్లు. ఈలోగా నీళ్లు బాగా చల్లగా ఉంటే మనిషి పరిస్థితి ఏమిటో రెస్క్యూ వాళ్లంతా నేర్చుకునే ఒక కొండగుర్తు ఉంది. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ చెప్పినట్టు వినేది పది నిమిషాలు, స్పృహ ఉండేది సుమారు ఒక గంట. అది కూడా లైఫ్ జాకెట్ ఉంటేనే.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. నేను పనిచేసిన సేవ పేరు చెప్పను. రెండు దాటింది. ఆపద పిలుపుల కోసం ఎప్పుడూ వింటూ ఉండే రేడియో ఛానల్ వీహెచ్ఎఫ్ 16లో ఒక గొంతు వినిపించింది. చేపల పడవ, ఐదుగురున్నారు, ఇంజిన్ గదిలోకి నీళ్లు వస్తున్నాయి. పొజిషన్ రెండుసార్లు చెప్పాడు, రెండోసారి చివరి అంకెలు గరగరలో కలిసిపోయాయి. ఆ తర్వాత ఎంత పిలిచినా జవాబు లేదు. ఒడ్డున మాకు హెలికాప్టర్ ఉంది. కానీ హ్యాంగర్‌లో ఉంది, రోటర్‌కు సంబంధించిన ఒక భాగం విప్పేసి. కొత్త భాగానికి ఆర్డర్ పెడతామని అడిగి నాలుగు నెలలైంది, వచ్చే ఆర్థిక సంవత్సరంలో చూద్దామని ఫైలు వెనక్కి వచ్చింది. పక్క స్థావరం నుంచి ఇంకో హెలికాప్టర్ రావాలంటే రెండు గంటలు. ఈలోగా అటుగా వెళ్తున్న ఒక సరుకు ఓడను దారి మళ్లించాం. ఆ కెప్టెన్ ఎంతో జాగ్రత్తగా చేశాడు. డెక్ లైట్లన్నీ వేయించి, మనుషులను రెండు పక్కలా నిలబెట్టి, అంత పెద్ద ఓడను నడక వేగంతో తిప్పాడు. ముగ్గురు దొరికారు, వల బెండ్లు పట్టుకుని ఉన్నారు. ఇద్దరు దొరకలేదు. మూడు రోజులు వెతికాం.

మా హెలికాప్టర్ లేచి ఉంటే ఐదుగురూ దక్కేవారని ఒట్టేసి చెప్పలేను. ముప్పావు గంటలో అక్కడ ఉండేదని మాత్రం చెప్పగలను. కొన్ని నెలల తర్వాత బడ్జెట్ పని నా చేతికొచ్చినప్పుడు పాత కాగితాలు తిరగేస్తుంటే, ఆ స్పేర్ పార్టు ఎదురుగా 'ఆదా' అని రాసి ఉంది. ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఈ జవాబు ఇంత పట్టుదలగా రాయడానికి కారణం అదే.

రెండో ప్రశ్నకు వస్తాను. బ్రిటన్ ఉదాహరణ చాలామంది చెప్తారు, సగమే చెప్తారు. 1824లో సర్ విలియం హిల్లరీ చొరవతో మొదలైన సంస్థే ఇప్పటి ఆర్‌ఎన్‌ఎల్‌ఐ, విరాళాలతో లైఫ్‌బోట్లు నడిపే రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్. బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో 238 లైఫ్‌బోట్ స్టేషన్లున్నాయి, సిబ్బందిలో అత్యధికులు జీతం లేని వలంటీర్లు. 1854 నుంచి 1869 వరకు ప్రభుత్వ గ్రాంటు తీసుకుని, ఆ తర్వాత వద్దనుకున్నారు. ఆదాయంలో సగానికి పైగా, చనిపోయేముందు జనం వీలునామాల్లో రాసిచ్చే సొమ్మే. రెండు శతాబ్దాల నమ్మకం మీద నిలిచిన ఏర్పాటు ఇది. ఇవాళ కొత్తగా ఒక సంస్థ పెట్టి, వచ్చే ఏడాది నుంచి వీలునామాలు రావాలంటే రావు.

చెప్పని సగం ఇదీ. మేడే వినేది ఆర్‌ఎన్‌ఎల్‌ఐ కాదు, ప్రభుత్వ సొమ్ముతో నడిచే కోస్ట్‌గార్డ్. ఏ బోటును అడగాలి, ఎక్కడ వెతకాలి అన్నది చూసేదీ కోస్ట్‌గార్డే. హెలికాప్టర్లూ దానివే. 2013లో ఆ హెలికాప్టర్ల పనిని బ్రిస్టో అనే కంపెనీకి పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు, విలువ సుమారు 160 కోట్ల పౌండ్లు. అంటే విరాళాల బోటు వెనక ప్రభుత్వ చెవి, ప్రభుత్వ రెక్కలు ఉన్నాయి. జర్మనీలో 1865లో మొదలైన సంస్థ ఇప్పటికీ బోట్లను విరాళాలతోనే నడుపుతోంది. దుకాణాల్లో, హోటళ్లలో కనిపించే చిన్న పడవ ఆకారం చందా డబ్బాలు 1875 నుంచి వాళ్ల గుర్తు. వాళ్లను చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ ఇవన్నీ ధనిక దేశాలు, ఓడల వ్యాపారంతో పెరిగిన ఊళ్లు, తరతరాలుగా సముద్రం మీద మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలు. ఆ మూడూ లేనిచోట ఆ పద్ధతిని తెచ్చి అతికిస్తే అతకదు.

వలంటీర్లున్న చోట కూడా ప్రభుత్వం చేతులు దులుపుకుంటే ఏమవుతుందో ఫ్రాన్స్ చూసింది. అక్కడి ఎస్ఎన్ఎస్ఎం వలంటీర్ల సంస్థకు విరాళాలు ఎక్కువ, ప్రభుత్వ వాటా తక్కువ. 2019 జూన్ 7న మిగెల్ తుపానులో ఒక చేపల పడవ కోసం లె సాబ్ల్ దొలోన్ రేవు నుంచి బయల్దేరిన లైఫ్‌బోట్ తిరగబడి ముగ్గురు రక్షకులు చనిపోయారు. అంత్యక్రియల తర్వాత దేశమంతా అడిగిన ప్రశ్న ఒకటే, వీళ్ల బోట్లు ఇంత పాతవి ఎందుకు అని. సెనేట్ విచారణ చేసింది, ప్రభుత్వ సాయం పెరిగింది. ఆ పెంపు ముందే జరిగి ఉండాల్సింది. ప్రాణాలు పణంగా పెట్టేవాళ్లు జీతం అడగడం లేదు, కనీసం మంచి బోటు ఇవ్వమంటున్నారు. 1981 డిసెంబర్ 19 రాత్రి ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరంలో పెన్లీ లైఫ్‌బోట్‌తో పాటు ఎనిమిది మంది వలంటీర్లు పోయారు, వాళ్లు కాపాడబోయిన ఓడలోని ఎనిమిది మందీ పోయారు. ఆ వలంటీర్లంతా ఒకే ఊరి మనుషులు. అలాంటివాళ్ల మీద మొత్తం భారం వేసి, మన దేశంలో ఖర్చు లేకుండా సేవ నడుస్తోందని చెప్పుకోవడం నాకు సబబుగా అనిపించదు.

అందుకే నా అనుభవంలో కుదురుగా నడిచేది వేణ్నీళ్లకు చన్నీళ్లలాంటి ఏర్పాటు. నార్వేలో 1891లో పుట్టిన రక్షణ సంఘం సభ్యుల చందాలతో, విరాళాలతో, కొంత ప్రభుత్వ డబ్బుతో నడుస్తుంది, సమన్వయ కేంద్రాలు రెండూ మాత్రం పూర్తిగా ప్రభుత్వానివే. దక్షిణాఫ్రికాలో 1966లో స్టిల్‌బాయ్ దగ్గర తుపానులో 17 మంది జాలర్లు మునిగిపోయాక, పాటీ ప్రైస్ అనే టీచరు పత్రికలకు వరసగా ఉత్తరాలు రాశారు. మరుసటి ఏడాది ఎన్ఎస్ఆర్ఐ అనే సముద్ర రక్షణ సంస్థ పుట్టింది, ఇప్పటికీ వలంటీర్లదే. స్పెయిన్ దీనికి పూర్తి భిన్నం. 1992 చట్టంతో ఏర్పడిన సాల్వమెంతో మారితిమో ప్రభుత్వ సంస్థ, బోట్లు, హెలికాప్టర్లు, విమానాలు, జీతాలు అన్నీ దానివే. ఒడ్డు దగ్గర బోటును ఎవరు నడిపినా నాకు పేచీ లేదు. రేడియో వినడం, సమన్వయం, విమానాలు, దూరం వెళ్లే ఓడలు, ఈ నాలుగూ ప్రభుత్వమే భరించాలి. తప్పించుకోవడానికి వీల్లేదు కూడా. 1979లో హాంబర్గ్‌లో కుదిరి 1985లో అమల్లోకి వచ్చిన సెర్చ్ అండ్ రెస్క్యూ (వెతికి కాపాడడం) ఒప్పందంలో చేరిన తీరదేశం ఈ సేవ ఏర్పాటు చేస్తానని మాటిచ్చినట్టే. ప్రపంచ సముద్రాలను 13 ప్రాంతాలుగా విడదీసి, ఏ నీళ్లకు ఎవరు బాధ్యులో రాసుకున్నారు. మా దేశంలో దాతలు తగ్గారని అక్కడ జవాబు చెప్పలేం.

ఇక కోతల సంగతి. దీని మీదే ఎక్కువ మాట్లాడాలని ఉంది, ఎందుకంటే అసలు ప్రమాదం ఇక్కడే. అమెరికా ఉత్తర కరోలినా తీరంలో 1870ల్లో ప్రభుత్వ రక్షణ స్టేషన్లు కట్టారు, బోట్లు పెట్టారు. డబ్బు చాలదని సిబ్బందిని చలికాలం నెలలకే పెట్టుకున్నారు, సీజను డిసెంబర్ 1న మొదలవుతుంది. 1877 నవంబర్ 24న హ్యూరన్ అనే నౌకాదళం ఓడ నాగ్స్ హెడ్ దగ్గర ఒడ్డుకు కొంత దూరంలోనే ఇసుకలో కూరుకుపోయింది. దగ్గర్లోని స్టేషన్‌కు తాళం వేసి ఉంది. అది తెరవడానికి ఇంకా వారం ఉందనగా 98 మంది చనిపోయారు. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే అదే తీరంలో మెట్రొపొలిస్ అనే ఓడ మునిగి 85 మంది పోయారు, అక్కడ స్టేషన్లు ఒకదానికొకటి మరీ దూరం. అప్పుడుగానీ అమెరికా చట్టసభ కాంగ్రెస్ కదలలేదు. 1878లో లైఫ్ సేవింగ్ సర్వీస్‌ను ప్రత్యేక సేవగా ఏర్పాటు చేసింది, స్టేషన్లు పెరిగాయి, సీజను పొడిగించారు. 1915లో అదే నేటి కోస్ట్‌గార్డ్‌లో కలిసింది.

నూట నలభై ఏళ్ల తర్వాత అదే దేశంలో ఇంకో రకం దెబ్బ. 2018 డిసెంబర్ 22 నుంచి 35 రోజులు ప్రభుత్వ బడ్జెట్ ఆగిపోయింది. మిగతా సైనిక దళాలు రక్షణ శాఖ కింద ఉన్నాయి కాబట్టి వాటికి డబ్బు అందింది. కోస్ట్‌గార్డ్ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉంది, దానికి అందలేదు. జనవరి 15న సుమారు 42,000 మందికి జీతం పడలేదు. ఆహార దానశిబిరాల ముందు వరసలో నిలబడ్డ కుటుంబాలున్నాయి. అయినా పిలుపు వస్తే బోట్లు వెళ్తూనే ఉన్నాయి. ఇంట్లో ఈఎంఐ టెన్షన్ పెట్టుకుని రాత్రి పూట తాడు మీద దిగే మనిషి మనసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ సేవకు వచ్చే డబ్బు ఏ శాఖ ఖాతాలోంచి వస్తుంది, బడ్జెట్ ఆలస్యమైతే ఏం జరుగుతుంది అన్నది కూడా చట్టంలో ముందే రాసి ఉండాలనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కెనడాలో వాంకూవర్ రేవు పక్కనే ఉన్న కిట్సిలానో కోస్ట్‌గార్డ్ స్టేషన్‌ను ఖర్చు తగ్గించాలని 2013లో మూసేశారు, 2016లో మళ్లీ తెరిచారు. బ్రిటన్‌లో బ్రేర్ అనే ట్యాంకర్ 1993 జనవరిలో షెట్లాండ్ దగ్గర ఇంజిన్ ఆగి రాళ్లకు కొట్టుకుంది. సిబ్బందిని కాపాడారు కానీ సుమారు 85,000 టన్నుల ముడి చమురు సముద్రం పాలైంది. సమయానికి దాన్ని లాగడానికి టగ్, అంటే ఓడలను లాగే బలమైన పడవ, లేదు. ఆ విచారణ తర్వాత ప్రభుత్వ ఖర్చుతో తీరం చుట్టూ టగ్‌లు పెట్టారు. 2010 పొదుపుల్లో వాటిని తీసేయాలని నిర్ణయించారు, స్కాట్లాండ్ వైపు ఒకటి మాత్రం నిలిచింది. ఏమీ జరగని ఏళ్లలో ఆ టగ్ దండగలా కనబడుతుంది. ఏమీ జరగకపోవడానికి అదీ ఒక కారణమని లెక్కల్లో రాసే గడి ఉండదు.

ఇటలీ అనుభవం మరీ బాధాకరం. 2013 అక్టోబర్ 3న లంపెడూసా దీవి దగ్గర 360 మందికి పైగా వలసదారులు మునిగిపోయాక ఇటలీ నౌకాదళంతో మారె నోస్ట్రమ్ అనే ఆపరేషన్ మొదలుపెట్టింది, నెలకు సుమారు 90 లక్షల యూరోలు. ఏడాదిలో లక్షకు పైగా మనుషులను ఒడ్డుకు చేర్చింది. ఒక్క దేశమే ఎంతకాలం మోస్తుందని ఆపేశాక, దాని చోట యూరప్ సరిహద్దు సంస్థ ట్రైటన్ అనే ఆపరేషన్‌ను పెట్టింది, నెలకు సుమారు 29 లక్షలు, పని కూడా ప్రధానంగా సరిహద్దు కాపలా. 2015 ఏప్రిల్ 18న ఒకే పడవలో దాదాపు 800 మంది పోయారు. ఆ తర్వాత రోజుల్లోనే ట్రైటన్ డబ్బు మూడు రెట్లు చేశారు. వలస గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా కానివ్వండి, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

డబ్బు ఎక్కడి నుంచి రావాలంటారా? ఓడల మీద సుంకం వేయవచ్చు, చాలా దేశాలు వేస్తాయి. లైట్‌హౌస్ వెలుగు వాడుకున్న ఓడను నడి సముద్రంలో ఆపి డబ్బు అడగలేం కాబట్టి, రేవుకు వచ్చినప్పుడు టన్నుల లెక్కన తీసుకుంటారు. ఆస్ట్రేలియా సముద్ర భద్రత సంస్థ ఆమ్సా ఖర్చులో పెద్ద భాగం ఇలాంటి సుంకాలదే. కానీ సెర్చ్ అండ్ రెస్క్యూకు మాత్రం అక్కడి ప్రభుత్వం సాధారణ పన్నుల్లోంచి ఇస్తుంది. ఇదే సరైన విభజన అనిపిస్తుంది నాకు. ఎందుకంటే పిలుపులు ఎక్కువ వచ్చేది చిన్న పడవల నుంచి, జాలర్ల నుంచి, తీరంలో ఈతకు దిగినవాళ్ల నుంచి. వాళ్లు ఏ రేవు సుంకమూ కట్టరు, కట్టించడమూ కుదరదు. పైగా ఆస్ట్రేలియా చూసుకునే సముద్రం 5.3 కోట్ల చదరపు కిలోమీటర్లు, భూమి ఉపరితలంలో పదోవంతు. అక్కడ మునిగే ఓడ ఏ దేశానిదైనా కావచ్చు.

దేశాలు కలిసి పంచుకున్న మంచి ఏర్పాట్లు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ గుర్తుచేసుకోరు. టైటానిక్ తర్వాత ఉత్తర అట్లాంటిక్‌లో మంచు కొండలను కనిపెట్టి హెచ్చరించే గస్తీ మొదలైంది. దాన్ని అమెరికా కోస్ట్‌గార్డ్ నడుపుతుంది, ఖర్చును ఆ దారిన వెళ్లే ఓడల టన్నుల లెక్కన దేశాలు పంచుకుంటాయి. 1979లో, ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే, అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి ఆపద సంకేతాలు పట్టే కోస్పాస్-సార్శాట్ ఉపగ్రహ వ్యవస్థకు ఒప్పందం చేసుకున్నాయి. 1982 నుంచి అది ప్రాణాలు కాపాడుతోంది. ఓడల్లో ఉండే, ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే ఈపర్బ్ బీకన్ మోగించినవారి దగ్గర ఒక్క పైసా తీసుకోరు. ఆఫ్రికా తీరదేశాలు 2000లో ఫ్లోరెన్స్‌లో కూర్చుని, ప్రతి దేశమూ విడిగా పెద్ద కేంద్రం పెట్టుకోలేదని ఒప్పుకుని, మొరాకో, లైబీరియా, నైజీరియా, దక్షిణాఫ్రికా, కెన్యాల్లో ఐదు ప్రాంతీయ కేంద్రాలకు దారి వేసుకున్నాయి. డబ్బు తక్కువున్న దేశానికి పక్క దేశంతో పంచుకోవడమే మొదటి దారి.

చివరగా, ప్రభుత్వం ఇచ్చేటప్పుడు ఎలా ఇవ్వాలన్నది. మంత్రులకు కొత్త బోటు ఇష్టం. రిబ్బన్ కత్తిరించవచ్చు, ఫొటో వస్తుంది. ఆ బోటుకు ఇరవై అయిదేళ్ల పాటు డీజిలు, గొట్టాలు, ఇంజిన్ విప్పి సరిచేయడం, మనుషుల ట్రైనింగ్ ఎవరు ఇస్తారన్నది ఆ ఫొటోలో ఉండదు. దానంగా వచ్చిన మంచి రెస్క్యూ బోట్లు స్పేర్ పార్టుల్లేక జెట్టీకి కట్టి తుప్పు పట్టడం నేను కళ్లారా చూశాను. లైఫ్‌రాఫ్ట్‌ను, అంటే ప్రాణరక్షణ తెప్పను, ఓడ మునిగాక తనంతట తానే విడిపించే హైడ్రోస్టాటిక్ రిలీజ్ అని అరచేతిలో పట్టే చిన్న పరికరం ఉంటుంది. చాలా రకాలను రెండేళ్లకోసారి మార్చేయాలి. పెద్ద ఖర్చేం కాదు. కానీ నిర్వహణ పద్దులో కోత పడినప్పుడు మొదట ఆగిపోయేవి ఇలాంటివే, ఎందుకంటే ఆగినా ఎవరికీ కనబడదు.

కాబట్టి మీ దేశం బడ్జెట్ పత్రం చేతికొస్తే మొత్తం అంకె చూసి ఊరుకోకండి. నిర్వహణకూ ట్రైనింగ్‌కూ విడి పద్దులున్నాయా, వాటిని వేరే పనికి మళ్లించకుండా నిషేధం ఉందా చూడండి. నిధి ఒక్క ఏడాదికా, నాలుగైదేళ్లకు ముందే హామీ ఉందా చూడండి. విమానం ఆర్డర్ ఇచ్చాక చేతికి రావడానికే ఏళ్లు పడుతుంది, ఏడాది బడ్జెట్‌తో దాన్ని కొనలేం. ఏ బోటు ఏ ఏడాది మార్చాలో పట్టిక ఉందా, ఆ పట్టిక ఎదురుగా డబ్బు ఉందా చూడండి. ఏడాది మొత్తంలో హెలికాప్టర్ ఎన్ని గంటలు సిద్ధంగా లేదో రాశారా అన్నది మాత్రం తప్పకుండా వెతకండి. ఆ రాత్రి తర్వాత మేము పట్టుబట్టి చేర్పించిన వాక్యం అదొక్కటే. చాలా నివేదికల్లో అది కనబడదు. పత్రం దొరికాక ఏ పద్దు అర్థం కాకపోయినా ఇక్కడే అడగండి, కూర్చుని చూద్దాం.